ఆయాలను పడుకోమన్న పెద్దామె

దయ్యాలకు భయపడే తీరిక నాకెప్పుడూ దొరకలేదు. పెళ్ళయిన ఏడాదే పాలమూరు దిక్కు నుంచి ఈ పట్నం వచ్చి, కడుతున్న బిల్డింగుల్లో పడుకుంటూ బతికినదాన్ని. తలుపులు పెట్టని ఇళ్ళు, కరెంటు లేని మెట్లు, శ్మశానం గోడకు ఆనించి వేసిన రేకుల షెడ్లు, అన్నింట్లో నిద్రపోయాను. రాత్రిపూట నన్ను పీడించినవి దోమలు, తాగి వచ్చే మేస్త్రీలు. మూడోది ఏదీ రాలేదు. ఎవరైనా దయ్యం ముచ్చట మొదలుపెడితే లేచి పోయేదాన్ని.

అందుకని దీన్ని కథలాగా చెప్పడం నాకు రాదు. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. యాభై దాటాక బస్తీలో సాయంత్రం బడికి పోయి అక్షరాలు దిద్దిన చెయ్యి ఇది. ఎక్కడైనా వంకరపోతే సర్దుకోండి.

నా కొడుకు శ్రీనుకు అశోక్‌నగర్‌లో జిరాక్సు షాపు ఉంది. ఆ గల్లీల నిండా పోటీ పరీక్షలకు చదివే పిల్లలే కాబట్టి పొద్దున షట్టరు ఎత్తితే రాత్రి దాకా వాడికి ఊపిరాడదు. షాపు వెనక గల్లీలోనే మూడో అంతస్తులో కిరాయికి ఉంటాం. కోడలు లావణ్య బషీర్‌బాగ్‌లో ఒక బడిలో టీచరు. పోయిన చలికాలం వాళ్ళకు ఆడపిల్ల పుట్టింది. నెలలు నిండకముందే ఆపరేషన్ చేసి తీశారు. పిల్ల పిడికెడంత ఉంది.

మొదటి కాన్పు తల్లిగారింట్లో కావాలి. కానీ అంబర్‌పేటలో ఉన్న మా వియ్యపురాలు తుంటి విరిగి మంచంలో ఉంది. బాలింత నా చేతికే వచ్చింది. నా చేతుల్లో పనిచేసేది ఒకటే. ఎప్పుడో పరంజా మీద నుంచి పడ్డప్పటి నుంచి ఎడమ చెయ్యి భుజం దాకా లేవదు, బరువు ఆపదు. మోకాళ్ళు కూడా పోయాయి. కింద కూర్చున్నానంటే ఇద్దరు పట్టి లేపాలి.

ఆసుపత్రి నుంచి వచ్చిన రోజే లావణ్య చెప్పేసింది. "అత్తమ్మా, తప్పు పట్టకండ్రి. పాపను మీరొక్కరే ఎత్తొద్దు. చెయ్యి జారితే నేను బతకను."

కోపం వచ్చింది. కానీ ఆ చేతిని నేను కూడా నమ్మను.

మింగుడుపడనిది రెండో మాట. పిల్లల డాక్టరు పొగ వేయొద్దన్నాడట. కాటుక పెట్టొద్దట, చెవుల్లో నూనె చుక్క పడొద్దట. పిల్ల ఊపిరితిత్తులు ఇంకా గట్టిపడలేదు, పొగ తగిలితే ప్రాణానికే ప్రమాదం అన్నాడట. సాంబ్రాణిని మేము ఊదు అంటాం. నీళ్ళు పోశాక నిప్పుల మీద ఇంత ఊదు చల్లి ఆ పొగ పట్టకపోతే పిల్ల ఎట్లా పడుకుంటుంది, నేను ముగ్గురిని పెంచలేదా అని అన్నాను. ఒకసారి కాదు, చాలాసార్లు అన్నాను. తర్వాత జరిగినదానికి నా నోరే నా మీద సాక్ష్యం అయింది.

లావణ్య కుట్లతో రాత్రిళ్ళు లేవలేకపోయేది. శ్రీను పిల్లను ఎత్తుకుని నిలబడే నిద్రపోయేవాడు. ఇట్లా కాదని రాత్రి ఆయాను పెట్టుకుందామనుకున్నారు. నారాయణగూడలో ఒక మెట్ల సందు పైన ఆయాలను పంపే ఆఫీసు ఉంది. నేనూ శ్రీనూ పోయాం. ఆయా ఎటువంటిదో మేము అడగకముందే అక్కడి మేడమ్ మేము ఎటువంటివాళ్ళమో అడిగింది. లిఫ్టు ఉందా, ఆయాకు పరుపు ఇస్తారా, చాయ్ ఎన్నిసార్లు ఇస్తారు, ఇంట్లో కుక్క ఉందా, అత్త ఉందా. కుక్కనూ అత్తనూ ఒకే ఊపిరిలో అడిగింది.

"అత్త ఉంది. నేనే," అన్నాను.

"మా మనుషుల పనిల వేలు పెట్టొద్దు పెద్దమ్మా. ముందే చెప్తున్న."

"వేలు పెట్టనీకె చెయ్యే లేస్తలేదు తల్లీ," అని ఎత్తబోయి చూపించాను. ఆమె నవ్వలేదు.

మొదట యాదమ్మ అనే ఆమెను పంపారు. ఏర్పాటు ఏమిటంటే, పిల్ల హాల్లో ఆయా దగ్గర పడుకుంటుంది, లావణ్య తలుపు మూసుకుని లోపల నిద్రపోతుంది. రాత్రికి తన పాలు పిండి సీసాలో పెడుతుంది. ఆయా వచ్చేసరికి నేను తిని, మోకాళ్ళ నొప్పుల గోలీ వేసుకుని వంటింటి పక్క గదిలో పడుకుని ఉంటాను. నేను లేవకముందే ఆమె పోతుంది. కాబట్టి ఆయా మొహం నేను చూసింది లేదు, నా మొహం ఆయా చూసింది లేదు.

మొదటి పొద్దున లేచి హాల్లోకి వచ్చేసరికి లావణ్య పిల్లను ఎత్తుకుని నిలబడి ఉంది. యాదమ్మ ఇక రానని చెప్పి పోయిందట.

"ఎందుకు రాదంట?" అన్నాను.

"మీరే చెప్పాలె. మీ అత్తకు నా మీద భరోసా లేకుంటె నన్నెందుకు పిలిచిండ్రు అని మొఖం మీదనే అడిగింది. పాప కుయ్‌మంటె చాలంట, మీరొచ్చి చేతులకెళ్ళి తీసుకుంటున్నరంట. నువ్వు పండుకో అంటున్నరంట."

"నేను లేవనే లేదు."

లావణ్య పిల్లను నా ముక్కు దగ్గరకు తెచ్చింది. ఊదు వాసన. తలలో, బట్టల్లో, ఆ చిన్న మెడ మడతల్లో. అరికాల్లో కాటుక చుక్క ఉంది. నిజం చెప్పాలంటే నాకు భయం వేయలేదు. ఎంత గుండ్రంగా పెట్టారో అనుకున్నాను.

అది ఆయా పనే, నా మీదికి నెట్టిందన్నాను. లావణ్య పోయి నా పెట్టె తెరిచింది. చీరలన్నీ తీసి మంచం మీద వేసింది. పరుపు ఎత్తి చూసింది. ఊదు లేదు, బొగ్గులు లేవు. గ్యాసు తప్ప నిప్పే లేని ఇల్లు మాది. ఇంట్లో ఎక్కడా ఇంత బూడిద కూడా దొరకలేదు.

"దొరకలేదు కదా," అన్నాను.

"ఎక్కడ దాచిండ్రో మీకే తెలుసు," అంది.

రెండో మనిషి సునీత, చిన్నపిల్ల. ఈమె మానలేదు, సంతోషంగా వచ్చిపోతోంది. పొద్దున పిల్లకు మళ్ళీ అదే వాసన, అరికాల్లో అదే చుక్క. ఏమిటిది అని లావణ్య అడిగితే, "పెద్దమ్మనే చేస్తది మేడమ్. నన్నసలు లేవనియ్యదు. గసుంటి అత్త దొరకాలంటె పెట్టి పుట్టాలె," అని నన్ను మెచ్చుకుందట. ఆ మెచ్చుకోలుతో నా కొంప మునిగింది.

ఆ రోజు నుంచి లావణ్య నాతో మాట్లాడటం మానేసింది. ఉన్నమాట చెప్పాలంటే ఆమెను అనడానికి లేదు. పిల్ల ఊపిరికి ప్రమాదం అని డాక్టరు చెప్పాడు, పొగ కావాలని నేను అన్నాను, పొగ పడుతోంది. ఏ కోడలైనా ఇంకెవరిని అనుమానిస్తుంది? శ్రీను బజారుకు పోయి ఒక గడియ కొనుక్కొచ్చి నా గది తలుపుకు బయటివైపు బిగించాడు. మరలు తిప్పుతున్నంతసేపు నా వైపు చూడలేదు.

"బాత్రూముకు పోవాలంటె ఏం చేయాలె రా?" అని అడిగాను.

"ఫోన్ చెయ్యమ్మా," అన్నాడు.

నేను కని, నడుముకు కట్టుకుని ఇటుకలు మోస్తూ పెంచిన కొడుకు, పక్క గదిలో ఉండి ఫోన్ చెయ్యమన్నాడు.

గడియ పెట్టిన మర్నాడు కూడా పిల్ల ఊదు వాసన వేసింది. నా గడియ పెట్టింది పెట్టినట్టే ఉంది. నేను ఊపిరి పీల్చుకున్నాను, ఇక తేలిపోయింది కదా అని. లావణ్య శ్రీనుతో ఏమందంటే, సునీతే రాత్రి గడియ తీసి మళ్ళీ పెడుతోందంది.

ఒక సాయంత్రం సునీత చీకటి పడకముందే వచ్చింది, దారిలో ఏదో పని ఉండి తొందరగా బయలుదేరిందట. నేను హాల్లో కుర్చీలో చాయ్ తాగుతున్నాను. లావణ్య పిల్లకు బట్టలు మారుస్తోంది. సునీత చెప్పులు విప్పి లోపలికి వచ్చి, నన్ను చూసి, మర్యాదగా పక్కకు జరిగి నిలబడింది.

"చుట్టాలొచ్చిన్రా మేడమ్?" అంది.

"చుట్టాలేంది, మా అత్తమ్మ కదా," అంది లావణ్య.

సునీత నన్ను పైనుంచి కిందికి చూసింది. "ఈమెనా? మరి రోజు రాత్రి వచ్చే పెద్దమ్మ?"

లావణ్య చేతిలో చిన్న చొక్కా అట్లనే ఉండిపోయింది.

అడిగితే సునీత తడబడకుండా చెప్పింది. పొడుగ్గా, బక్కగా ఉంటుందట. తెల్లటి జుట్టు గట్టిగా ముడి వేసుకుంటుందట. నేలమీద కూర్చుని కాళ్ళు బారచాపి, పిల్లను కాళ్ళ మీద బోర్లా పడుకోబెట్టి వీపు నిమురుతుందట. మాట మా మాట కాదట. "గుంటూరు దిక్కోళ్ళ లెక్క మాట్లాడ్తది. 'ఇలా ఇవ్వమ్మా, నువ్వు కాసేపు పడుకో' అంటది. నేను మీరు ఆంధ్రోళ్ళనుకున్న."

నేను పొట్టిగా, లావుగా ఉంటాను. నేలమీద కూర్చోలేనని చెప్పాను కదా. 'ఇలా' అనే మాట నా నోట్లో ఈ జన్మలో పలకదు.

నాకు అప్పుడు వెన్ను జల్లుమంది. అబద్ధం ఎందుకు. కానీ ఆ జల్లుమనడం కూడా లావణ్య నన్ను సరిగ్గా అనుభవించనియ్యలేదు. సునీత జరిగింది అర్థమై, చెప్పులు చేతిలో పట్టుకుని మెట్లు దిగి పోయింది. తలుపు మూసి లావణ్య నా వైపు తిరిగింది.

"మంచిగ నేర్పించి చెప్పించిండ్రు అత్తమ్మా," అంది.

అంతే, ఇక నాకు ఓపిక అయిపోయింది. సంచిలో రెండు చీరలు వేసుకున్నాను. "నేను పద్మ ఇంటికి పోతున్న. నేను లేని ఇంట్ల ఎవరు పొగ వేస్తరో నువ్వే చూసుకో," అన్నాను. పద్మ నా బిడ్డ, చిక్కడపల్లిలో ఉంటుంది.

లావణ్య ఆపలేదు. "పొండ్రి. పొగ ఆగిందంటె మాత్రం, పాప నడిచేదాక మీరు ఈ ఇంట్లకు రావద్దు," అంది. ఆమె కళ్ళ కింద నలుపు చూశాను. మనిషి కూలిపోయేలా ఉంది. అయినా నేను ఆగలేదు. ఆటోలో కూర్చున్నాక మాత్రం అనుకున్నాను, పొగ వేసే ఆ మహాతల్లి ఎవరో గానీ, ఈ ఒక్క రాత్రి రాకపోతే నా మనవరాలు నాకు లేనట్టే.

దయ్యం ఉందో లేదో తెలియకుండా, అది రావాలని కోరుకున్న ముసలిది నేనొక్కదాన్నే అయి ఉంటాను.

పొద్దున్నే శ్రీను స్కూటర్ మీద చిక్కడపల్లి వచ్చాడు. నన్ను పలకరించలేదు. వంటింట్లో ఉన్న పద్మ దగ్గరకు పోయి మెల్లగా అడిగాడు, "అక్కా, అమ్మ రాత్రి ఈడనే ఉన్నదా?"

పద్మ గరిటె పట్టుకునే జవాబు చెప్పింది. "నా పక్కనే పండుకుని ఇల్లు లేచిపోయేటట్టు గురక పెట్టింది. నేనే నిద్రపోలే. ఏంది రా, అమ్మ మీదనే పోలీసు పని చేస్తున్నవా? సిగ్గుందా?"

వాడు సోఫా అంచున కూర్చున్నాడు. "అమ్మా, ఇంటికి రా," అన్నాడు.

ఇంట్లో లావణ్య హాల్లో కుర్చీలో కూర్చుని ఉంది. పిల్ల ఒళ్ళో నిద్రపోతోంది. వాసన గడప దగ్గరే తగిలింది. కానీ నేను చూసింది పిల్లను కాదు, లావణ్యను. ఆమె జుట్టు చిక్కు తీసి, నూనె రాసి, పొగ పట్టి, జడ వేసి ఉంది. చెవులు కప్పుతూ తలకు గుడ్డ కట్టి ఉంది. బాలింతకు చలిగాలి తగలకుండా కడతాం చూడండి, అట్లా. ఆసుపత్రి నుంచి వచ్చిన దగ్గరి నుంచి ఆ తల దువ్వెన ఎరగదు.

"రాత్రి పాపను నా పక్కన ఏసుకుని లోపల గడియ పెట్టుకున్న," అంది. "ఆయన బయట తలుపుకు అడ్డం పండుకున్నడు. నాకు నిద్ర పట్టింది. అంతే తెలుసు. పాప పుట్టినంక ఒక్క రాత్రి కూడ నేను గట్ల పండుకోలే."

తల మీది గుడ్డ ముడి తడుముకుంది.

"నా తల ఎవరో ఒళ్ళె పెట్టుకున్నట్టు ఉండె. మీరే అనుకున్న."

"నేను చిక్కడపల్లిల ఉన్న."

"ఎరుకే. మీరు లేరని ఎరుకయ్యి కూడ, మీరే అనుకున్న అత్తమ్మా."

తల మీది గుడ్డ విప్పుదామని చెయ్యి చాపితే, "జరసేపు ఉండనియ్యండ్రి," అంది. తర్వాత తనే లేచింది. నన్ను కుర్చీలో కూర్చోబెట్టి, ఒళ్ళో దిండు వేసి, ఎడమ చేతి కింద ఇంకో దిండు పెట్టి, పిల్లను నా మీద పడుకోబెట్టింది. పుట్టిన తర్వాత ఆ పిల్ల బరువు నేను చూడటం అదే మొదలు. క్షమించమని ఆమె అడగలేదు. నేను అడిగించుకోలేదు. లోపల శ్రీను నా గది తలుపు గడియ మరలు విప్పుతున్న చప్పుడు వినబడింది.

ఆ గుడ్డ మా ఇంటిది కాదు. నేత చీర చింపిన ముక్క, ఉతికి ఉతికి వెన్నలా అయింది. పారేయమని పద్మ అంది. మంచి గుడ్డ, పారేయడానికి మనసొప్పలేదు. పిల్లకు పొత్తిగుడ్డ చేశాం.

తర్వాత నేను ఊరుకోలేదు, విచారించాను. కింది అంతస్తులో బందరు నుంచి వచ్చి చాలా ఏళ్ళుగా ఈ గల్లీలోనే ఉన్న ముసలి దంపతులు ఉన్నారు. ఇక్కడ ఎవరైనా పెద్దామె చనిపోయిందా అని అడిగాను. "ఎవరూ పోలేదమ్మా. ఈ బిల్డింగు కట్టకముందు ఇక్కడ మోటారు షెడ్డు ఉండేది. దానికి ముందు ఖాళీ రాళ్ళ నేల," అన్నాడాయన. నేను మాట తీరు గురించి చెబితే ఆయన భార్యకు కోపం వచ్చింది. "మా వైపు ఆడవాళ్ళు పిలవని పేరంటానికి వెళ్ళరమ్మా," అంది. వాచ్‌మన్‌ను అడిగాను, ఇంటి ఓనర్‌ను అడిగాను. చచ్చిన మనిషి ఒక్కరూ దొరకలేదు. దొరికితే కనీసం ఆమే అని అనుకునేదాన్ని.

డాక్టరు దగ్గరకు తీసుకుపోయి పొగ సంగతి దాచకుండా చెప్పాం. బాగా తిట్టాడు. పరీక్ష చేసి పిల్ల ఊపిరి శుభ్రంగా ఉందన్నాడు.

ఇక ఆ నారాయణగూడ మేడమ్ ఒకరోజు ఫోన్ చేసింది. కొత్త ఆయాను పంపుతానంటుందేమో అనుకున్నాను. "మీ ఇంట్ల ఎవరో పెద్దామె పిల్లలను మంచిగ చూస్తదంట కదా. మా యాదమ్మ, సునీత ఇద్దరు చెప్పిన్రు. మా దగ్గర చేరుతదా అడుగుండ్రి," అంది.

"దొరికితే పంపిస్త తల్లీ," అని పెట్టేశాను.

ఆ రోజు నుంచి నేనూ లావణ్యా పిల్లా ఒకే గదిలో పడుకున్నాం. మళ్ళీ ఆయాను పిలవలేదు. పిల్ల ఏడిస్తే లావణ్యను నేను లేపేదాన్ని, ఆమె ఎత్తి నా ఒళ్ళో దిండు మీద పెట్టేది. గోలీ మానేసి, నొప్పితో మేలుకుని ఎదురుచూశాను కూడా, ఆ పెద్దామె వస్తే నాలుగు మాటలు అడుగుదామని. పని నువ్వు చేసి నింద నాకెందుకు తెచ్చావు అని. రాలేదు. వాసన లేదు, చుక్క లేదు.

దేవుడు అన్నారు కొందరు. ఏ దేవుడు పొగ వేస్తాడని అడిగాను. లావణ్యే నిద్రలో చేసుకుందని శ్రీను స్నేహితుడు ఒకడు అన్నాడు. నిప్పు ఎక్కడిదని అడిగాను. కల అనుకుంటే, సునీతకు, లావణ్యకు ఒకే కల ఎట్లా వస్తుంది, యాదమ్మ మొదటి రాత్రే ఎందుకు అలిగి పోతుంది? నాకు తెలియదు. తెలుసనే వాళ్ళను నేను నమ్మను. దయ్యాలను ఇప్పుడు నమ్ముతావా అంటే, ఇప్పుడు కూడా అక్కడి నుంచి లేచి పోతాను.

మొన్న లావణ్య తలంటు పోసుకుని వచ్చి నా ముందు పీట వేసుకుని కూర్చుంది. జడ వేయమంది. మంచం అంచున కూర్చుని, ఉన్న ఒక్క చేత్తో, పళ్ళతో జుట్టు పట్టుకుని, ఎట్లనో వేశాను. ఆమె వెనక్కి చెయ్యి పెట్టి తడిమి చూసుకుంది.

"ఆమె దీనికంటె మంచిగ ఏసింది అత్తమ్మా," అంది.

"అయితె ఆమెనే పిలుచుకో," అన్నాను.

అన్నాక ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. లావణ్య లేచి పోయి పిల్ల తల వాసన చూసి వచ్చింది.